పడిందనకూడని ఇల్లు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే మా మనవరాలు పుస్తకం పట్టుకుని ఎదురొచ్చింది. బడిలో వ్యతిరేకపదాలు రాసుకు రమ్మన్నారట. ఒక పక్క పడు, దిగు, జారు, కూలు, మునుగు అని అచ్చువేసి, ఎదురుగా చుక్కల గీతలు వదిలేశారు. "అవ్వా, నువ్వు తెలుగు టీచరే గదా, టకటకా చెప్పెయ్, నేను ఆడుకోను పోవాల" అని తొందరపెట్టింది. బతుకంతా బడిలో తెలుగు చెప్పి, సుద్దపొడి మింగి మింగి ఇంటికొచ్చిన దాన్ని, నాకిదొక లెక్కా? లేచు, ఎక్కు, నిలుచు, నిలబడు, తేలు. చెప్పేశాను. పిల్ల రాసుకుని తుర్రుమంది. నేను మాత్రం తడికాళ్లతో అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. ఈ మాటలు నాకు ఏ అయ్యవారూ నేర్పలేదు. బడి గడప తొక్కకముందే మా జేజి, అంటే మా నాయన తల్లి, నేర్పింది. మా ఇంట్లో అవి పాఠం కాదు, విరుగుడు. తేలు కుట్టినచోట ఆకు నూరి పెట్టినట్టు, ఆ పక్క మాట ఎవరి నోట్లోంచి వచ్చినా వెంటనే ఈ పక్క మాట పెట్టాల్సిందే. ఆ విరుగుడే మా అమ్మను తీసుకుపోయింది.

నందికొట్కూరికి ఎద్దులబండిలో పోతే సగం పొద్దు పట్టే పల్లె మాది. ఊరి చివర మా క్రైస్తవుల ఇళ్లు, వాటి మధ్య సున్నం కొట్టిన చిన్న చర్చి. మా తాత బావులు తవ్వేవాడు. చుట్టుపక్కల ఏ రెడ్డికి బావి కావాలన్నా ముందు మా తాతకే కబురొచ్చేదట. నేను పుట్టకముందే ఆయన పోయాడు గానీ ఆయన సామాన్లు ఇంట్లోనే ఉండేవి. మూలన గడ్డపారలు, చూరుకు వేలాడే గిలక, గోడ మేకులకు చుట్టలు చుట్టిన మోకులు. అందుకే మా ఇంటి వాసన వేరు. తక్కిన ఇళ్లలో పేడ వాసన, పొగ వాసన ఉంటే మా ఇంట్లో నారతాడు, ఆముదం కలిసిన వాసన ఉండేది. జేజి తెల్లారుతూనే ఒక మోకు ఒళ్లో వేసుకుని, పురి పురినీ వేళ్లతో తడిమి చూసి, ఆముదం పట్టించేది. ఆ పని అయ్యేదాకా సంగటి కుండ పొయ్యి ఎక్కేది కాదు. "ఎందుకు జేజీ, ఆ మోకు ఎవురూ వాడరు గదా?" అని నేనడిగితే, "మోకుకు అలవాటు తప్పగూడదు పాపా. మనిషికైనా అంతే" అనేది. ఆకలితో కడుపు కాలుతున్నా ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

జేజి పేరు సుందరమ్మ. సన్నగా, పొడుగ్గా, తాటిమట్ట లాగా ఉండేది. ఆమె ఇంటికి పెట్టిన చట్టం ఒకటే. కిందికి పోయే మాట ఎవరి నోటా రాకూడదు. తెలుగువాళ్లందరికీ ఈ జబ్బు కొంత ఉంది, లేదనను. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారు. తాళి తెగిందనరు, పెరిగిందంటారు. మా జేజికి అంతమాత్రం చాల్లేదు. చేతిలో చెంబు జారి ఠంగుమంటే, ఇంట్లో ఏ మూల ఉన్నవాళ్లయినా, దొడ్లో మేకకు ఆకు వేస్తున్నవాళ్లతో సహా, "లేచింది!" అని అరవాలి. వాన పడిందనకూడదు, వానొచ్చిందనాలి. పొద్దు మునిగిందనకూడదు, ఇంటికి పోయిందనాలి. ఇక బావిలోకి పోయే మనిషిని దిగమనడమంటే చంపినట్టే లెక్క. "ఎక్కిరాప్పా" అని సాగనంపాలి. వాడింకా గట్టు మీదే ఉంటాడు, కిందికి పోనే లేదు, అప్పుడే ఎక్కి రమ్మంటుంది! కొత్తవాళ్లు విని నోరు నొక్కుకుని నవ్వేవాళ్లు. ఒక ఆదివారం పాదిరయ్య ప్రసంగంలో "ఆదాము పాపంలో పడిపోయినాడు" అన్నాడో లేదో, ఆడవాళ్ల చాప మీద నుంచి మా జేజి గట్టిగా "లేచినాడు!" అంది. చర్చి అంతా గొల్లుమంది. పాదిరయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "లేపేటందుకే గదా సుందరమ్మా ప్రభువు వచ్చింది. నన్ను ఆడిదాకా పోనీమ్మా" అన్నాడు. అంతమంది నవ్వినా ఆమె మాత్రం నవ్వలేదు.

ఎందుకు నవ్వలేదో నాకు తర్వాత తెలిసింది. మా తాత ఒక రెడ్డి బావిలో పని ముగించి మోకు పట్టుకుని పైకి వస్తున్నాడట. ఇంకో మూర ఎక్కితే గట్టు. పైన నిలబడ్డ పెద్దమనిషి ఎవరో మంచికే "పడతావప్పో, పైలం!" అని కేకేశాడు. ఏమిటా అని తాత తలెత్తాడు. చేయి తప్పింది. ఆ కేక వేసినాయనను మా జేజి ఒక్క మాట కూడా తిట్టలేదట. తప్పంతా ఆ మాట మీదే వేసింది. "మాట ముందొచ్చింది, మనిషి దాని ఎనక పోయినాడు" అనేది. అంతకుమించి ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

అటువంటి ఇంటికి మా అమ్మ కోడలుగా వచ్చింది. కడప దిక్కు, నాపరాళ్లు తీసే ఊరు ఆమెది. పేరు శాంతమ్మ. పేరుకే శాంతమ్మ. ఆమె పొలంలో నిలబడి పిలిస్తే చర్చికాడ ఆడుకుంటున్న నేను పరిగెత్తుకొచ్చేదాన్ని. ఆ గొంతు రాళ్ల గనిలో తయారైన గొంతు. గనుల్లో పెచ్చు కదిలినా, పైనుంచి బండ దొర్లినా, ముందు చూసినవాళ్లు ఆడా మగా చూడకుండా "పడతాండాదో! తప్పుకోండో!" అని ఊపిరంతా పెట్టి అరవాలి. అరుపు వినగానే కిందివాళ్లు చేతిలో ఏముంటే అది పారేసి పరుగెత్తాలి. ఎవరు అరిచారు, ఎందుకని అడిగేది తర్వాత. మాట్లాడడం వచ్చిన పిల్లలకు ఆ ఊళ్లో మొదట నేర్పే అరుపు అదేనని అమ్మ చెప్పేది.

కాపురానికి వచ్చిన కొత్తలో అటక మీది కుండ ఒరగడం చూసి అమ్మ అలవాటు కొద్దీ "పడతాండాదో!" అని అరిచిందట. జేజి కుండను పట్టుకోలేదు. వచ్చి కోడలి నోరు పట్టుకుంది. చారెడు వేపాకు నమిలించింది. "ఈ ఇంట్లో ఆ మాట ఇదే ఆకరు" అంది. అమ్మ ఊరుకునే మనిషా? చేదు ఉమ్మేసి, "అదేమత్తా! మా ఊర్లో ఆ మాట అరిసేదానికే మగోళ్లు పానాలతో ఇండ్లకొస్తాండారు" అంది. "మీ ఊరు మీది. ఈడ ఆ మాట అరిసేదానికే మీ మామ ఇంటికి రాల్యా" అంది జేజి. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ రోజు ఓడిపోయింది కుండ ఒక్కటే అని మా నాయన చాలా ఏళ్లు నవ్వుతూ చెప్పేవాడు. అమ్మ పోయాక ఆ కథ మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత తర్వాత అమ్మే మారింది. వేపాకు భయంతో మారిందో, ముసలామె కడుపులోని బాధ తెలిసి మారిందో చెప్పలేను. రెండోదే అయ్యుండాలి, ఎందుకంటే ఇద్దరికీ మధ్య ప్రేమ లేకపోలేదు. జేజికి సంగటిలోకి చెనిక్కాయల ఊరుబిండి అమ్మ నూరితేనే నచ్చేది. అమ్మకు తలనొప్పి వస్తే జేజి ఆముదం చేతులతో కణతలు రుద్దేది. నాకు బుద్ధి తెలిసేసరికి చెంబు జారితే అందరికన్నా ముందు "లేచింది" అనేది మా అమ్మే. నేను కాలు తట్టుకుని బోర్లా పడి, "అమ్మా, పడితిని!" అని ఏడిస్తే, ముందు నోటి మీద చిన్న దెబ్బ వేసి, "లేస్తిని అను" అని, అప్పుడు ఎత్తుకునేది. దెబ్బ తగిలిన మోకాలికన్నా నాకు ఆ నోటి దెబ్బే ఎక్కువ గుర్తు.

తెల్లదొరల యుద్ధం జరుగుతున్న రోజులు. కిరసనాయిలు దొరికేది కాదు, గింజలూ దొరికేవి కాదు. దానికి తోడు వరసగా వానలు మొహం చాటేశాయి. కొర్ర మొలకెత్తి మాడిపోయింది. మా వీధిలో సగం ఇళ్లకు తడికెలు కట్టేసి జనం కూలి వెతుక్కుంటూ వెళ్లిపోయారు. మాకున్న చెలకలో మా నాయన బావి మొదలుపెట్టాడు. తాత తవ్వినవన్నీ ఎవరెవరివో బావులు, మాది అంటూ ఒక్కటీ లేదు. నీళ్లు పడితే ఊళ్లో ఉంటాం, లేకపోతే మేమూ మూట కట్టుకోవాలి. అమ్మకు ఊరు విడిచిపోవడమంటే ప్రాణం మీదికి వచ్చేది. "పాపను బడిలో ఎయ్యాల. రోడ్ల మీద తిప్పేదానికి కాదు కన్నది" అని నాయనతో పోరేది. కింద నాయన, చిన్నాయన జాకోబు, పక్క వీధి హుసేనప్ప ముగ్గురూ తవ్వేవాళ్లు. మట్టిలో కోసిన మెట్ల మీద నుంచి గంపలు పైకి చేరవేసేవాళ్లు. తీసిన మట్టినంతా గట్టునే కుప్ప పోశారు. దూరంగా పోసేందుకు మనుషులు లేరు, తిండి లేదు, ఓపిక లేదు. మా తాతే ఉంటే ఆ కుప్పను అక్కడ ఉండనిచ్చేవాడు కాదని తర్వాత ఊరంతా అంది. తర్వాత అందరూ అంటారు.

ఆ వేళప్పుడు ఒక పెద్ద వాన వచ్చింది. ఒకే ఒక్క వాన. పంటకు పనికిరానిది, నేలను నానబెట్టి పోయింది. మరునాడు పొద్దున వానకు సంతోషపడి ముగ్గురూ పనికి పోయారు. జేజి ఎప్పటిలాగే "ఎక్కిరాండప్పా" అని సాగనంపింది. మధ్యాహ్నం అమ్మ నెత్తిన సంగటి గంప పెట్టుకుంది, నేను మజ్జిగ ముంత పట్టుకుని వెనక నడిచాను. తడిమట్టి వాసన, వేడి సంగటి వాసన. ఆ రెండూ కలిసి వస్తే ఇప్పటికీ నాకు అన్నం దిగదు. గట్టు దగ్గరికి వచ్చి అమ్మ టక్కున ఆగింది. మట్టికుప్ప కింద నేల నోరు తెరిచినట్టు పగులు కనబడుతోంది. మేము చూస్తుండగానే అది వెడల్పవుతోంది. కింద ముగ్గురూ వంగి పని చేస్తున్నారు.

"ఎక్కిరాండప్పా! ఎక్కిరాండి!" అని అమ్మ పిలిచింది. "ఆ, వస్తాండాం లేమే! ఈ గంప నిండనీ" అన్నాడు నాయన, తల కూడా ఎత్తకుండా. బువ్వకు పిలుస్తోంది అనుకున్నాడు, రోజూ అట్లానే పిలిచేది కదా. అప్పుడు అమ్మ మొహం చూశాను. నోరు తెరిచింది. గొంతు నరాలు ఉబ్బాయి. గనిలో పుట్టిన ఆ అరుపు లోపలి నుంచి లేచి పెదాల దాకా వచ్చింది, నాకు కనబడింది. దాన్ని అరిస్తే ఆ ముగ్గురూ చేతిలో ఉన్నవి పారేసి పరుగెత్తేవాళ్లు. కానీ ఆమె చేయి దానంతటదే లేచి నోటికి అడ్డం పడింది. ఎన్నేళ్ల వేపాకు అది! ఆ మాట అంటే వాళ్లు పోతారని నిజంగానే నమ్మింది మా అమ్మ, అది లేకుండా ఆ అరుపు ఆమెకు రాదు. గంప నా ముందు పెట్టి, "ఈడనే నిలబడు పాపా, కదలొద్దు" అని చెప్పి, తానే గబగబా మెట్లు దిగిపోయింది.

"ఏమే, నువ్వేల వచ్చినావు?" అని నాయన కోప్పడడం పైకి వినిపించింది. ఆమె దిగుతూనే చిన్నాయన మణికట్టు పట్టుకుని మెట్ల మీదికి తోసింది. హుసేనప్పను తోసింది. నాయన చేతిలో గడ్డపార గుంజి పారేసి, గడ్డంతో పైకి చూపించి, ఆయన్నూ తోసింది. వాళ్లు పైకి చూశారు, అర్థమైంది. ముగ్గురు మగవాళ్లూ ముందు, అమ్మ చివర. నాయన కూడా గట్టెక్కాడు. వెనక్కు తిరిగి ఆమెకు చేయి అందించాడు. ఆ చేయి అమ్మకు అందకముందే కుప్ప, దాని కింది మట్టిదరి, మెట్లు అన్నీ ఒక్కసారిగా కదిలాయి. పెద్ద చప్పుడు కూడా రాలేదు. పైన సంగటి గంప ఆవిర్లు కక్కుతూ అట్లానే ఉంది.

ఊరంతా వచ్చి తవ్వి తీసేసరికి పొద్దు వాలింది. మరునాడు అమ్మ పుట్టింటివాళ్లు బండి కట్టుకుని వచ్చారు. అమ్మ అన్న యోబు మామ, గనిలో రాయి తగిలి ఒక కన్ను పోయిన మనిషి, జరిగిందంతా ఓపిగ్గా విన్నాడు. విని, మా నాయనను అడిగాడు. "అంతా బాగనే ఉండాది బావా. నాకొకటే అర్తం కాల్యా. మా చెల్లి గొంతు రొండు గనుల అవతలికి వినపడతాండె. ఈ కన్ను పోయిన దినం పానం పోకుండా కాపాడింది ఆ పిల్ల అరుపే. పైననే నిలబడి ఒక్క కేక ఎందుకెయ్యల్యా?" నాయన నేల చూశాడు. చిన్నాయన గోడ చూశాడు. మూలన కూర్చున్న జేజి మాత్రం మామ మొహంలోకి తేరిపార చూసింది. మామ ఇంకోసారి అడగలేదు.

సమాధి దగ్గర పెట్టెకు కట్టడానికి మోకులు కావాలంటే మా ఇంట్లోవే తెచ్చారు. ఎవరూ వాడరని నేను వెక్కిరించిన ఆ మోకులే. ఆముదంతో నిగనిగలాడుతున్నాయి. పాదిరయ్య ప్రార్థన ముగించాడు. నలుగురూ మోకులు బిగబట్టి నిలబడ్డారు. ఇప్పుడు ఎవరో ఒకరు ఒక మాట చెప్పాలి. జేజి ఎదురుగా ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు. పాదిరయ్య కూడా ఆమె వైపే చూస్తున్నాడు. అప్పుడు జేజి, నా పక్కనే నిలబడ్డ జేజి, "దించండప్పా" అంది. ఆ మాట ఆమె నోట వినడం నాకు అదే మొదలు. అలవాటు ఎంత చెడ్డదంటే, నా నోరు దానంతటదే విరుగుడు వెతుక్కుంది. "ఎక్కిం..." అన్నాను. జేజి అరచేయి వచ్చి నా నోటి మీద పడింది. "వద్దు పాపా" అంది. ఆ చేయి ఆముదం వాసన వేసింది.

బావి ఆపలేదు. ఆపితే ఆమె పోయినందుకు అర్థమేముందని నాయన అన్నాడు. మట్టికుప్పను దూరంగా తోలించి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి జేజి ఇంట్లో ఉండలేదు. మోకులకు ఆముదం పెట్టడం మానేసింది. రోజూ మగవాళ్లతో పాటే వెళ్లి గట్టు మీద కూర్చుని, ఎండలో కళ్లు చికిలించుకుని దరుల వైపే చూసేది. చిన్న పెళ్ల కదిలినా, ఉడుత తోసిన రాయి దొర్లినా, "పడతాండాదో! తప్పుకోండో!" అని అరిచేది. మా అమ్మ అరుపు అది. ముసలి గొంతులో చీలిపోయి, కీచుగా వచ్చేది. మొదట్లో ముగ్గురూ బెదిరి పైకి ఉరికేవాళ్లు. ఏమీ లేదని తెలిసినా తర్వాత కూడా ఉరికేవాళ్లు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. రోజుకు పని సగమే సాగేది. చివరికి నీళ్లు పడ్డాయి, మంచి నీళ్లే. నన్ను కర్నూలు మిషను బడిలో వేశారు. ఆ నీళ్లతో చదువుకున్న చదువే నాది.

ఇప్పుడు మా ఇంట్లో రోజంతా ఆ మాటే. పిల్ల మిద్దె మెట్లు ఎక్కితే మా కోడలు వంటింట్లోంచే "పడతావే! చూసుకో!" అని కేకేస్తుంది. వీధిలో ఆటోవాడు, బస్సులో కండక్టరు, అందరూ అనేదే. ఎవరికీ ఏమీ కావడం లేదు. ఆ కేక నాకు మాత్రం ఈనాటికీ రాదు. నా కొడుకు చిన్నప్పుడు గోడ ఎక్కితే నేను అరవలేదు, పరుగెత్తి కాళ్లు పట్టుకున్నాను. ఆ పరుగులో నేనే ఎన్నిసార్లు మోకాళ్లు పగలగొట్టుకున్నానో! బడిలో వ్యతిరేకపదాల పాఠం వస్తే ఆ మాటలన్నీ పిల్లల చేత చదివించి బల్ల దగ్గర కూర్చునేదాన్ని. కోడలి కేక వినపడినప్పుడల్లా కోపం రాదు, అరవనీ, ఇంకా గట్టిగా అరవనీ అనిపిస్తుంది.

జేజి చాలాకాలం బతికింది. చివర్లో చూపు పోయింది, మనుషులు గుర్తు తెలియలేదు. మంచం మీద పడుకుని పట్టపగలు ఉలిక్కిపడి "పడతాండాదో!" అని అరిచేది. మా నాయన ఏ పనిలో ఉన్నా వచ్చి మంచం పక్కన కూర్చుని చేయి పట్టుకునేవాడు. నేను సెలవులకు వచ్చినప్పుడు విన్నాను.

"అందురూ ఎక్కొచ్చినారా?" అని అడిగింది.

"వచ్చినామ్మా. నేనొచ్చినా, జాకోబు వచ్చినాడు, హుసేనప్ప వచ్చినాడు."

"కోడలు?"

నాయన ఆమె చేయి నిమురుతూ, "ఆ యమ్మే అందురికన్నా ముందొచ్చిందిలేమ్మా. ఇంటికాడ ఊరుబిండి నూరతాండాది" అన్నాడు.

"అరిసిందా?" అంది జేజి.

"అరిసింది. శానా గట్టిగా అరిసింది."

"అరవాలప్పా. అట్లనే అరవాల" అని జేజి గోడ వైపు తిరిగి పడుకుంది.